కరెంటు కారులో వాసన: ఏది కడిగితే పోతుంది, ఏది వస్తే బండి దిగాలి

ఎపిసోడ్ మొత్తం వినే తీరిక లేని డ్రైవర్ అన్నల కోసం అందులోని ముఖ్యమైన సంగతులు ఇక్కడ రాసి పెడుతున్నాం. డ్యూటీ మధ్యలో చదువుకోండి.

రంగూన్‌లో బండి లాగడం మనవాళ్లకు కొత్త కాదు. కోరంగి రేవు నుంచి ఓడెక్కి పోయిన తాతల కాలంలో రిక్షాలు లాగారు. ఇప్పుడు అదే ఊళ్లో, అదేనండి, యాంగోన్‌లో, కరెంటు కార్లు తిరుగుతున్నాయి. 2022 నవంబర్‌లో మయన్మార్ ప్రభుత్వం వాటి మీద దిగుమతి సుంకం ఎత్తేశాక బీవైడీ లాంటి చైనా బండ్లు బాగా వచ్చాయి. మే నుంచి అక్టోబర్ దాకా వాన, మధ్యలో కరెంటు కోతలు. ఈ రెండింటి వల్లే బండిలో రకరకాల వాసనలు పుడతాయి.

ఈ బండిలో పెట్రోలు లేదు, పొగ లేదు. కాబట్టి వాసన వస్తే "ఇంజిన్‌దిలే" అని వదిలేయడానికి లేదు. ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఎప్పుడు వస్తోంది? ఏసీ వేయగానేనా, వాన తర్వాతా, చార్జింగ్ పెట్టినప్పుడా? సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఏసీ వేయగానే తడి బట్ట వాసన

ఎక్కువగా వచ్చేది ఇదే. ఏసీ లోపలి చల్లటి భాగం మీద తడి నిలిచి బూజు పడుతుంది. చాలా బండ్లలో డ్యాష్‌బోర్డు అర వెనకాల గాలి ఫిల్టర్ ఉంటుంది. నల్లగా, తడిగా ఉంటే మార్చేయండి. దిగే ముందు నాలుగైదు నిమిషాలు ఏసీ ఆపి ఫ్యాన్ మాత్రం తిప్పితే లోపల ఆరుతుంది.

ఇంకో పరీక్ష ఉంది. ఉక్కపోతలో ఏసీ నడుస్తుంటే బండి కింద నీళ్లు చుక్కలు చుక్కలుగా పడాలి. పడటం లేదంటే నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు. ఆ నీళ్లు లోపలికి వచ్చి కాళ్ల దగ్గర కార్పెట్ కింద చేరతాయి. చేత్తో నొక్కి చూడండి. తడి ఉంటే మ్యాట్ ఆరబెడితే సరిపోదు, కార్పెట్ ఎత్తి కింద కూడా ఆరబెట్టాలి.

ఙపి అనే చేపల ముద్దో, డూరియన్ పండో తెచ్చుకున్న ప్యాసింజర్ దిగిపోయినా వాసన దిగదు. దానికి అద్దాలు దించి బయటి గాలి ఆడిస్తే చాలు. సెంటు మాత్రం కొట్టొద్దు. అసలు వాసనను కప్పేస్తే జబ్బు కనిపించదు.

కుళ్లిన గుడ్డు వాసన

12 వోల్టుల చిన్న బ్యాటరీ లెడ్ రకమైతే, అతిగా చార్జ్ అయినప్పుడు ఈ వాసన వస్తుంది. దగ్గర నిప్పు వెలిగించొద్దు. మెకానిక్‌కి చూపించండి.

కాలిన ప్లాస్టిక్, లేదా చేపలాంటి వాసన

చార్జింగ్‌లో వస్తే ప్లగ్గో, సాకెట్టో, వైరో వేడెక్కుతోందని అర్థం. కోత అయిపోయి రాత్రి కరెంటు రాగానే సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుతో చార్జింగ్ పెట్టేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. వేడి ప్లగ్గును చేత్తో లాగొద్దు. ముందు మెయిన్ స్విచ్ ఆపండి. సాకెట్ నల్లబడి ఉంటే దాన్ని మళ్లీ వాడొద్దు.

తియ్యటి వాసన

తియ్యగా, అద్దం మీద జిడ్డు పొరతో వస్తే కూలెంట్ కారుతుండొచ్చు. బండి చల్లారాక డబ్బాలో మట్టం చూడండి. అదే గోళ్ల రంగు తుడిచే మందులా ఘాటుగా ఉండి, బుస్సుమనే చప్పుడో, తెల్లటి పొగో తోడైతే అది పెద్ద బ్యాటరీ నుంచి కావచ్చు. ఆ ఆవిరి విషం, అంటుకుంటుంది కూడా. బండి ఆపి, అందరినీ దించి, గాలికి ఎదురు వైపుగా దూరం వెళ్లండి. సామాను కోసం వెనక్కి పోవద్దు. యాంగోన్‌లో ఫైర్ నంబర్ 191. కరెంటు కారు అని తప్పకుండా చెప్పండి. ఈ రెండు వాసనల్లో ఏదో తేల్చుకోలేకపోతే దిగిపోవడమే మేలు.

వరద నీళ్లలో మునిగిన బండిని మెకానిక్ చూసేదాకా చార్జింగ్ పెట్టొద్దు. నారింజ రంగు వైర్లను ఎప్పుడూ ముట్టొద్దు. వాటిలో వందల వోల్టులు ఉంటాయి.

బండి ఓనర్‌ది, మాట మీది

మనలో చాలామందిది సొంత బండి కాదు. రేపు ఏదైనా కాలితే "ముందే ఎందుకు చెప్పలేదు?" అని మనల్నే అడుగుతారు, జీతంలో కోస్తామంటారు. అందుకే వాసన వచ్చిన రోజే ఓనర్‌కి రాసి పంపండి: ఏ టైముకి, ఎలాంటి వాసన, అప్పుడు ఏసీ ఉందా, చార్జింగ్ ఉందా. ఫోటో జోడించండి. ఆ మెసేజ్ తీసేయకుండా దాచుకోండి. మెకానిక్‌కీ అదే దారి చూపిస్తుంది, మీకూ అదే సాక్ష్యం.