మీకు తెలుసా? ర్యాక్ ఒక్కటే మార్చితే చాలదు
1983లో వచ్చిన మారుతి 800 వంటి చిన్న కార్లలో స్టీరింగ్ తిప్పితే పినియన్ అనే పళ్లచక్రం ర్యాక్ అనే పళ్లకడ్డీని పక్కకు జరుపుతుంది. దాని కొసలకున్న టై రాడ్లు చక్రాలను తిప్పుతాయి. ర్యాక్ మార్చేటప్పుడు, వేరే మోడల్‌ది బోల్టులకు సరిపోయినంత మాత్రాన పని అయిపోదు. టై రాడ్ పొడవు, అది ర్యాక్‌ను కలిసే కీలు ఎత్తు కింది సస్పెన్షన్ ఆర్మ్‌తో పొసగాలి. లేకుంటే దారిలో స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా, స్టీరింగ్ కదపకపోయినా చక్రాలు కాస్త పక్కకు తిరుగుతాయి. దీన్నే బంప్ స్టీర్ అంటారు. దీనివల్ల టైరు అంచు అరిగి, తడిమితే రంపపు పళ్లలా గరుకుగా తగలవచ్చు. వీల్ అలైన్‌మెంట్‌తో బంప్ స్టీర్ పోదు. ఆ కొలత బండి నిలబడి ఉన్నప్పటిది. ర్యాక్, టై రాడ్లు, చక్రాన్ని పట్టే నకిల్, ఆర్మ్ ఒకే మోడల్‌వి వేయడమే క్షేమం. పినియన్ కడ్డీ మీది గాళ్లు (స్ప్లైన్లు) స్టీరింగ్ జాయింట్‌లో వదులు లేకుండా కూర్చోవాలి. అవి జారితే స్టీరింగ్ తిరుగుతుంది, చక్రాలు తిరగవు.