క్లచ్ పట్టని చెయ్యి

హీరో గారు వస్తున్నారు!

మొదట ముందు చక్రం కనబడింది. తరువాత బూటు. ఆ తరువాత నల్లకళ్ళద్దాలు. హాల్లో ఈలలు, చిత్తుకాగితాలు గాలిలోకి! విలన్ జీపు ముందు, మన హీరో వెనుక. ఒక చేత్తో కర్ర తిప్పుతూ, రెండో చేత్తో జుట్టు సవరించుకుంటూ ఆయన టకటకా గేర్లు మార్చేస్తున్నారు...

ఒక్క క్షణం ఆగండి, పాఠక మిత్రులారా! ఆయన క్లచ్ ఎప్పుడు పట్టారు?

మీలాగే నేనూ ఈలలు వేసినవాడినే. ఈ ప్రశ్న ఏనాడూ వేసుకోలేదు. రెండేళ్ళ క్రిందట ఒక సాయంత్రం, నాగర్‌కర్నూల్ జిల్లా తిమ్మాజిపేటలో, నడిరోడ్డు మీద నిలబడితేగాని ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

తెర మీద బండి

ముందు తెర సంగతి చెప్పి, తరువాత రోడ్డు సంగతి చెబుతాను.

మోటార్ సైకిల్‌కూ సినిమాకూ ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. 1973లో ‘బాబీ’ వచ్చింది. రిషి కపూర్ ఎక్కిన ఆ చిన్న రాజ్‌దూత్ బండికి జనం సినిమా పేరే పెట్టేసుకున్నారు. 1975లో ‘షోలే’లో ధర్మేంద్ర, అమితాబ్‌లు సైడ్‌కార్ బండి మీద పాట పాడుకుంటూ పోతుంటే దేశమంతా వాళ్ళతో పాటు ఊగింది. మనవాళ్ళ సంగతి చెప్పాలా? 2017లో ‘అర్జున్ రెడ్డి’ వచ్చాక కాలేజీల ముందు బుల్లెట్ల చప్పుడు మీరు విన్నదే. ఆ విజయ్ దేవరకొండ కుటుంబానిది ఈ నాగర్‌కర్నూల్ జిల్లాలోని అచ్చంపేట ప్రాంతమే!

అయితే తెర మీద పరిగెత్తే బండ్లన్నీ నిజంగా పరిగెత్తవు సుమా! పాతకాలంలో బండిని స్టూడియోలో నిలబెట్టి, వెనుక తెర మీద రోడ్డు బొమ్మ వేసేవారు. దాన్నే బ్యాక్ ప్రొజెక్షన్ అంటారు. ఇద్దరు మనుషులు బండిని ఊపుతారు, ఫ్యాను గాలి కొడుతుంది, హీరో గారి జుట్టు ఎగురుతుంది. తరువాతి రోజుల్లో బండిని ట్రాలీ మీద కట్టి, ఇంకో వాహనంతో లాగుతూ దగ్గరి షాట్లు తీయడం మొదలెట్టారు. ప్రమాదమున్న చోట డూప్ ఎక్కుతాడు. గేరు మారిన చప్పుడు చాలాసార్లు రికార్డింగ్ థియేటర్లో చేరుతుంది. క్లచ్ పట్టనక్కరలేని బండి అంటే అసలు అదీ!

వైరు తెగింది

నేను నాగర్‌కర్నూల్ వైపు ఒక పాత సినిమా ఆపరేటర్ని కలిసి, జడ్చర్ల మీదుగా హైదరాబాదుకు తిరిగి వస్తున్నాను. బిజినేపల్లి దాటాను. పొద్దు వాలుతోంది. తిమ్మాజిపేట ఇంకా కొంచెం ఉందనగా ఎడమచేతిలో ‘టప్’ మన్నది. క్లచ్ పిడి వదులుగా వేలాడింది. క్లచ్ వైరు తెగిపోయింది!

బండి పేరు చెప్పను. తప్పు బండిది కాదు, వైరుకు నూనె పోయని నాది.

ఊళ్ళోకి నూక్కుంటూ వచ్చాను. రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. లోపల యాభై ఏళ్ళు దాటిన మేస్త్రి. ఆయన దగ్గర పానాలు అందిస్తూ పదిహేడేళ్ళ కుర్రాడు.

“ఏమైంది సార్?”

“క్లచ్ వైరు తెగిందన్నా.”

చూశాడు. తల అడ్డంగా ఊపాడు. “గీ సైజు వైరు నా తాన లేదు సార్. జడ్చర్లల దొరుకుతది, రేపు పొద్దుగాల.”

“మరి ఇప్పుడు నేను పోయేదెట్లా?”

“క్లచ్ లేకుండనే పో.”

“అది సినిమావాళ్ళ పని కదన్నా!”

ఆయన నవ్వాడు. “సినిమావోళ్ళది కాదు సార్. మాది.”

అప్పుడు చూశాను ఆయన ఎడమ చెయ్యి. బొటనవేలు, చూపుడువేలు బాగానే ఉన్నాయి. మిగతా మూడు వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుని ఉన్నాయి. అవి తెరుచుకోవు. పానాను ఆ వంకరలో ఇరికించి, కుడిచేత్తో తిప్పుతున్నాడు. ఆ చేత్తో క్లచ్ పిడి నొక్కడం అయ్యే పని కాదు. మరి ఈయన బండి ఎట్లా నడుపుతాడు?

కాలితో పట్టే క్లచ్

షెడ్డు వెనుక ఒక పాత యెజ్డీ నిలబడి ఉంది. రంగు పోయింది గానీ రాజసం పోలేదు!

కుర్రకారుకు ఈ బండి పుట్టుక చెప్పాలి. జావా అనే కంపెనీ 1929లో ప్రాగ్ నగరంలో పుట్టింది. మన దేశంలో ఆ బండ్లను మైసూరులోని ఐడియల్ జావా 1960లలో తయారు చేయడం మొదలుపెట్టింది. 1970లలో అదే బండి యెజ్డీ పేరుతో వచ్చింది. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతబడింది. ఈ బండిలో రెండు విచిత్రాలున్నాయి. ఒకటి, కిక్ కొట్టేదీ గేరు వేసేదీ ఒకే కడ్డీ. రెండోది మన కథకు కావలసినది: గేరు కడ్డీని కాలితో నొక్కగానే ఆ నొక్కుడే లోపల క్లచ్‌ను విడదీస్తుంది! నొక్కినంతసేపూ క్లచ్ పట్టినట్టే. వదిలితే క్లచ్ వదిలినట్టే. ఎడమచేతికి పని లేదు.

ఆయన బండెక్కాడు. కడ్డీ నొక్కిపట్టి మొదటి గేరు వేశాడు. కాలు మెల్లగా, పాలు పొంగకుండా దించినట్టు వదిలాడు. బండి ఒక్క కుదుపు లేకుండా కదిలింది. ముడుచుకున్న చెయ్యి హ్యాండిల్ మీద ఊరికే ఆని ఉంది, అంతే. రోడ్డు మీద ఒక చుట్టు చుట్టి వచ్చి నా ముందు ఆగాడు.

“గీ బండి నా ఎడమ చెయ్యి సార్,” అన్నాడు.

బలం కాదు, చెవి

నా బండికి అలాంటి ఏర్పాటు లేదు. అందుకని ఆయన నాకు పాఠం చెప్పాడు. ఇంజను ఆపి ఉండగానే కాసేపు నోటితో, తరువాత ఖాళీ రోడ్డు మీద బండితో.

“కడ్డీ కింద కాలివేలు పెట్టు. ఊకె ఆనిచ్చు, గుంజకు. బండి ఉరుకుతుంటది. ఎక్సలేటర్ ఒక్క గడియ ఇడువు. గప్పుడు గేరే లోపటికి పోతది. నువ్వు ఏసేది కాదు సార్, అది పడేది.”

దీని వెనుక మర్మం ఇది. మోటార్ సైకిల్ గేర్ బాక్సులో పళ్ళచక్రాలు ఎప్పుడూ ఒకదానితో ఒకటి పెనవేసుకునే ఉంటాయి. గేరు మార్చడమంటే వాటిని విడదీసి కలపడం కాదు. ఒక చక్రం పక్కకు జరిగి, దాని పక్కనున్న బొడిపెలు పొరుగు చక్రంలోని గుంతల్లో కూర్చుంటాయి. ఇంజను లాగుతున్నంతసేపూ ఆ బొడిపెల మీద బరువుంటుంది. అవి బిగుసుకుని కదలవు. క్లచ్ పట్టితే ఆ బరువు పోతుంది. ఎక్సలేటర్ వదిలినా, ఇంజను లాగడం మాని వెనక్కి పట్టుకోబోయే ఆ సందులో, రెప్పపాటు సేపు బరువు పోతుంది. ఆ రెప్పపాటే మన అదృష్టం!

కింది గేరుకు దిగాలంటే ఇది తిరగబడుతుంది. బండి నెమ్మదిస్తున్నప్పుడు చక్రమే ఇంజన్ని తోస్తుంటుంది. అప్పుడు కొంచెం రేజ్ ఇస్తే బరువు తొలగి గేరు పడుతుంది. వేగం తగ్గకుండా కింది గేరు తొక్కితే? వెనుక చక్రం పట్టేసి బండి జారుతుంది. మెత్తగా కలిపే క్లచ్ మధ్యలో లేదు కదా!

రేసు బండ్లకున్న క్విక్ షిఫ్టర్ చేసేదీ ఈ పనే. గేరు కడ్డీ కదలగానే ఒక మీట కనిపెట్టి, సెకనులో కొన్ని వందో వంతులపాటు ఇంజనుకు నిప్పురవ్వ ఆపేస్తుంది. బరువు పోతుంది, గేరు పడుతుంది.

ఇంత విన్నాక నేను చేసిందేమిటి? హీరో గారిలా కాలితో తన్నాను. ‘కటకటా’ మన్నది! నా పళ్ళు కూడా కదిలాయి.

“బలం పెట్టకు సార్. చెవి పెట్టు.”

అయిదోసారికో ఆరోసారికో, రెండో గేరు నుంచి మూడో గేరు వెన్నలోకి కత్తి దిగినట్టు దిగింది. నా ఆనందం చూసి కుర్రాడు ఈల వేశాడు!

ఈల వేసిన కుర్రాడు

అంతటితో ఊరుకున్నాడా? జేబులోంచి ఫోను తీశాడు. “ఉస్తాద్, నేను గూడ నేర్సుకుంట. చేతులిడిసి గేర్లేస్త, వీడియో తీసి పెడ్త.”

అప్పటిదాకా నవ్వుతున్న మనిషి మొహం మాడిపోయింది. ఫోను పక్కన పెట్టమన్నాడు. టీ చెప్పాడు. టీ వచ్చేదాకా మాట్లాడలేదు.

“నీ వయసుల నాకూ గిదే పిచ్చి,” అన్నాడు చివరికి. జడ్చర్లకు పోయి సినిమా చూడటం, వచ్చి దోస్తుల ముందు అదే చేసి చూపించడం. హీరో చేతులు వదిలితే ఈయనా వదిలాడు. క్లచ్ ముట్టకుండా పైగేర్లు వేయడం వచ్చేసింది. దోస్తుల ఈలలు. ఒకనాడు మంచి వేగంలో ఉండి, క్లచ్ లేకుండానే కింది గేరు తొక్కాడు. అది యెజ్డీ కాదు, ఇంకెవరిదో అరువు బండి. వెనుక చక్రం పట్టేసింది. బండి కిందికి, చెయ్యి బండి కిందికి.

“గప్పుడు ఈలల కోసం చేసిన. గిప్పుడు చెయ్యి పట్టక చేస్తున్న. పని ఒక్కటే. కానీ చూడు...” అంటూ ఆ ముడుచుకున్న చెయ్యి కుర్రాడి ముందు పెట్టాడు.

కుర్రాడు ఫోను జేబులో పెట్టేశాడు.

నేను టీ గ్లాసు పట్టుకుని ఆలోచనలో పడ్డాను. తెర మీద హీరో బండి మీంచి పడితే తరువాతి షాట్‌లో దులుపుకుని లేస్తాడు. డూప్ దెబ్బ ఎవరికీ కనిపించదు. ఈ షెడ్డులో తరువాతి షాట్ ముప్ఫై ఏళ్ళకు పైగా నడుస్తోంది!

చేతికి పని తగ్గించినవాళ్ళు

క్లచ్ పిడిని తప్పించాలని ప్రపంచంలో ఎందరో తంటాలు పడ్డారు. అందులో చాలామందికి ఈలల గొడవ లేదు. 1958లో జపాన్‌లో హోండా కంపెనీ సూపర్ కబ్ తెచ్చింది. నూడుల్స్ పళ్ళెం ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో నడిపే హోటలు కుర్రాడికి కూడా వీలుగా ఉండాలన్నది దాని వెనకున్న ఆలోచన. ఇంజను వేగాన్నిబట్టి తనంతట కలిసే, విడిపోయే క్లచ్ పెట్టారు. 2017 నాటికి ఆ వరస బండ్లు పది కోట్లు దాటాయి! మన దేశంలో టీవీఎస్ కంపెనీ 2009లో క్లచ్ పిడి లేని ‘జైవ్’ తెచ్చింది. 2023లో హోండా వారు ఈ-క్లచ్ చూపించారు. పిడి ఉంటుంది, పట్టనక్కరలేదు, మోటార్లే పట్టి వదులుతాయి. కరెంటు బండ్లలో చాలావాటికి గేర్లూ లేవు, క్లచ్చూ లేదు.

మరి మామూలు బండి మీద రోజూ క్లచ్ లేకుండా గేర్లు వేయవచ్చునా? మేస్త్రి మాట: ఆపదలో వెయ్యి, అలవాటు చేసుకోకు. ప్రతి ‘కటకట’కూ బొడిపెల అంచులు కొంచెం కొంచెం అరుగుతాయి. అరిగాక వేసిన గేరు నిలవదు. నడిరోడ్డు మీద తనంతట తానే జారిపోతుంది. అప్పుడు ఇంజను మొత్తం విప్పాలి.

ఇంటిదారి

చీకటి పడుతుండగా బయలుదేరాను. నిలబడ్డ బండికి క్లచ్ లేకుండా గేరు వేస్తే ఇంజను ఆగిపోతుంది, లేదా బండి ఎగిరి దూకుతుంది. అందుకని ఇంజను న్యూట్రల్‌లో నడుస్తుండగా మేస్త్రి, కుర్రాడు కలిసి నూకారు. బండి ఉరుకుతుండగా మొదటి గేరు తాకించాను. ఒక్క కుదుపు, అంతే.

“ఆగే ముందల్నే న్యూట్రల్ ఎయ్యి! జడ్చర్ల జనంలకు పోకు, ఊరవతల్నే దిగి నూక్కుంట పో!” వెనుక నుంచి కేక.

దారి పొడుగునా నేను సినిమా పాట పాడలేదు. ఇంజను పాటే విన్నాను. అది ఎప్పుడు లాగుతోంది, ఎప్పుడు ఊపిరి వదులుతోంది? ఇన్నేళ్ళు బండి నడిపి ఒక్కసారీ వినలేదే అనిపించింది. జడ్చర్ల దీపాలు కనబడగానే న్యూట్రల్ చేసి, దిగి, బుద్ధిగా నూక్కుంటూ పోయాను. నన్ను చూసి ఎవరూ ఈల వేయలేదు!

నెల తరువాత అటు వెళ్ళినప్పుడు కొత్త వైరుతో ఆ షెడ్డు ముందు ఆగాను. కుర్రాడు ఒక బండి క్లచ్ వైరుకు నూనె పోస్తున్నాడు. మేస్త్రి నా బండి మీద చెయ్యేసి అడిగిన మొదటి మాట:

“గా రోజు ఎన్నిసార్లు కటకట అన్నది సార్?”

“పదకొండు సార్లు అన్నా.”

“లెక్క పెట్టుకున్నవ్. మంచిది,” అన్నాడు. “పన్నెండు చెయ్యకు.”