అన్నదమ్ముల్లాంటి రెండు ఇంజన్లు

తమ్ముళ్లారా! 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీ నుండి మొదటి సెల్టాస్ కారు బయటికి వచ్చింది. ఆ ఊరు అప్పుడు మన జిల్లాలోనిదే, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది.

2023 మోడల్ సెల్టాస్‌లో రెండు రకాల పెట్రోలు ఇంజన్లు ఇచ్చారు. రెండూ 1.5 లీటర్లవే. కాని ఒకదాని శక్తి 115 పీఎస్, రెండోదానిది 160. ఎందుకింత తేడా?

కిటుకంతా గాలిలో ఉంది. పెట్రోలు మండాలంటే గాలి కావాలి. మొదటి ఇంజన్ గాలిని తానే పీల్చుకుంటుంది. రెండోదానికి టర్బో ఉంది. బయటికి పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం గాలిని నొక్కి లోపలికి పంపుతుంది. అమెరికా మజిల్ కార్లలోని సూపర్‌చార్జర్ పని కూడా ఇదే. అయితే దాన్ని ఇంజనే బెల్టుతో తిప్పాలి.

టర్బో వల్ల లాగే బలం 144 నుండి 253 న్యూటన్ మీటర్లకు పెరిగింది. నిండు బరువుతో ఘాట్ ఎక్కేటప్పుడు అది అక్కరకొస్తుంది. ఊళ్లో తిరగడానికి మొదటిదే చాలు. ఎక్కువ బలం వాడితే ఎక్కువ పెట్రోలు తాగుతుంది.

ఎండిన బోరులో 5 హెచ్‌పీ తీసి 7.5 మోటారు దించితే నీళ్లు రావని మన నాన్నలకు తెలుసు. కారుకైనా అంతే. అంకె కాదు, అవసరం చూడాలి.