గూటి ముందు మౌనం

కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో, పెరియార్ నదీతీరాన తట్టేక్కాడ్ పక్షుల అభయారణ్యం ఉన్నది. దాని విస్తీర్ణం 25 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఆ సతతహరిత వనంలో కొమ్మలు దట్టంగా అల్లుకొని ఉండటం వల్ల పక్షి కంటికి కనబడక ముందే చెవికి వినబడుతుంది. తొందరపడేవారికి అక్కడ ఆకులు తప్ప మరేమీ కనిపించవు.

ఈ అడవి విలువను లోకానికి చాటిన వ్యక్తి డాక్టర్ సాలిం అలీ. 1896లో జన్మించిన ఆయన పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, బొంబాయిలో మేనమామ నీడన పెరిగారు. బాల్యంలో ఒకనాడు తుపాకితో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతుపై పసుపు మచ్చ చూసి ఆశ్చర్యపోయి, అదేమి పక్షి అని మేనమామను అడిగారు. ఆయనకూ తెలియలేదు. కాని ప్రశ్నించిన బాలుణ్ణి కసరకుండా, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పంపారు. ఆ ఒక్క ప్రశ్నే ఒక జీవితానికి దారి చూపింది. 1931లో ఆయన మన హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే చేపట్టారు. 1933లో తిరువాన్కూరు, కొచ్చి సంస్థానాల సర్వేలో తట్టేక్కాడ్‌ను పరిశీలించారు. అర్ధశతాబ్దం తరువాత, 1983లో అది అభయారణ్యమయింది. నేడు ఆయన పేరుతోనే పిలువబడుతున్నది.

అక్కడి పక్షులలో మలబారు బూడిదరంగు హార్న్‌బిల్ కుటుంబ జీవనం మన హృదయాన్ని కదిలిస్తుంది. గుడ్లు పెట్టే వేళ ఆడపక్షి చెట్టుతొర్రలో ప్రవేశించి, సన్నని చీలిక మాత్రం మిగిల్చి ద్వారాన్ని మూసివేసుకుంటుంది. వారాల తరబడి ఆమెకు, తరువాత పిల్లలకు కూడా ఆ చీలిక గుండా పండ్లను, పురుగులను అందించేది మగపక్షే. అది తిన్న పండ్ల గింజలు దూరదూరాన రాలి కొత్త చెట్లవుతాయి. ఇంటిని పోషిస్తూనే అడవిని కూడా నాటుతున్న తండ్రి అది!

శ్రీలంక ఫ్రాగ్‌మౌత్ మరొక వింత. ఎండుటాకులా కదలక కూర్చునే ఈ రాత్రిపక్షి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. పగలు దానిని పొదిగేది మగపక్షి.

ఇక్కడే మనం ఆలోచించవలసిన విషయమొకటి ఉన్నది. ఒకనాటి ముప్పు వేటగాడి తుపాకి. నేడు ప్రేమతో వచ్చే మనమే ముప్పు కావచ్చు. ఫోటో కోసం గుంపుగా గూటి ముందు నిలిస్తే, ఆహారం తెచ్చిన మగపక్షి జంకి దూరంగానే ఆగిపోతుంది. తొర్రలో ఆకలి మాత్రం ఆగదు. రికార్డు చేసిన కూతలను పదేపదే వినిపిస్తే, పక్షి తన పని మాని లేని శత్రువును వెదుకుతూ తిరుగుతుంది.

కనుక పిల్లలను అడవికి తీసుకువెళ్లే తల్లిదండ్రులారా! బైనాక్యులర్ చేతికిచ్చే ముందు మౌనాన్ని నేర్పండి. వారు అడిగే ప్రశ్నకు జవాబు తెలియకపోతే, తెలిసినవారి వద్దకు తీసుకువెళ్లండి. గూడు కనిపిస్తే నాలుగడుగులు వెనక్కి వేయమనండి. సృష్టికర్త తీర్చిన ఆ చిన్న ఇంటిలో, నోట పండుతో వచ్చే తండ్రి కోసం ఒక కుటుంబం ఎదురుచూస్తున్నది.