చంద్రగిరి మహలులో ‘కౌలు’ మాట

తిరుచానూరు అమ్మవారి దర్శనం చేసుకొని తిరుపతి మీదుగా పడమరకు సాగే యాత్రికులకు, శ్రీనివాసమంగాపురానికి దగ్గరలో కనిపించే చంద్రగిరి రాజమహలు, ఒకనాడు అరవీటి వంశపు రాయలు నివసించిన ఇల్లు. నేడది భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నిర్వహిస్తున్న ప్రదర్శనశాల. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నపు గారతో లేపిన ఈ మూడంతస్తుల కట్టడంలో నడిమి దర్బారు పై రెండంతస్తుల ఎత్తునా లేచి ఉంటుంది. కప్పు మీద గోపురాలను తలపించే శిఖరాలు, గోడలకు కొనదేలిన కమానులు కనిపిస్తాయి. లోపల గండికోట, గుడిమల్లం, యాగంటి ప్రాంతాల శిల్పాలు, లోహ విగ్రహాలు, ఆయుధాలు కొలువుదీరాయి.

ఈ మహలు పేరెత్తగానే తరచు వినవచ్చే మాట ఒకటుంది: మద్రాసు కోటకు స్థలమిచ్చే పత్రంపై 1639లో శ్రీరంగరాయలు ఇక్కడే సంతకం చేశాడని. ఈ మాట తేదీల దగ్గర నిలవదు. 1639లో రాజ్యమేలుతున్నది పెద వేంకటపతి రాయలు. శ్రీరంగరాయలు గద్దెనెక్కింది 1642లో. ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి ఫ్రాన్సిస్ డేకు తొలి పత్రమిచ్చినవాడు రాయల కింది పాలకుడైన దామెర్ల వెంకటాద్రి నాయకుడు. శ్రీరంగరాయల పత్రం 1645 నాటిది. సంతకం ఎక్కడ పడిందన్న ప్రశ్న కంటే, పత్రంలో ఏముందన్నది చూసినప్పుడే ఆ కాలం దగ్గరగా కనిపిస్తుంది.

సగం సగం

నాయకుడిచ్చిన ఆ తొలి పత్రానికి కంపెనీవారు కూడా వాడిన పేరు ‘కౌలు’. మాట అనే అర్థమున్న అరబ్బీ పదం నుంచి వచ్చి, నాటి పాలనలో అధికారి రాసిచ్చే హామీకి పేరుగా నిలిచిన ఈ పదం, నేడు చిత్తూరు పల్లెల్లో ఒకరి పొలాన్ని మరొకరు షరతుల మీద సాగుచేసుకొనే ఒప్పందానికి వాడుకలో ఉంది. నాయకుడి షరతులను ఈ పల్లె అర్థంతో చదివితే అవి తేలిగ్గా బోధపడతాయి. కోట కట్టడానికయ్యే ఖర్చును పని పూర్తయ్యేదాకా తానే పెట్టుకొంటాడు; కంపెనీవారు అందులో అడుగుపెట్టేటప్పుడు ఆ సొమ్ము తీర్చాలి. మొదటి రెండేళ్లూ మద్రాసుపట్నంపై అధికారం వారిదే. ఆ తర్వాత రేవు సుంకాల్లో, రాబడిలో చెరిసగం. తన తీరంలో వారి ఓడ పగిలితే, దొరికిన సరుకును వారికే తిరిగి ఇప్పించాలి. నాణేలు ముద్రించుకొనే హక్కూ వారికి దక్కింది.

పెట్టుబడి ముందు యజమాని పెట్టి, తొలి సాళ్లలో పట్టు సడలించి, ఆపైన పంటలో సగం అడగడం సేద్యపు పద్ధతే. పంటలో భూమిగల వాడి వాటాను రాయలసీమ రైతులు ‘కోరు’ అంటారు. సముద్రపు వర్తకులను నాయకుడు కౌలుదారులుగా చూశాడనే ఈ పత్రం వల్ల అర్థమవుతుంది. 1672 నాటికి పైపాలకుడు గోల్కొండ సుల్తానుగా మారి, ఏటా 1200 వరహాల చెల్లింపు ఖరారైంది. సగపాలు పోయి కట్టుబడి మొత్తం వచ్చిన ఈ మార్పులోనే, కౌలుదారు స్థిరపడి యజమాని దూరమైన కథంతా ఉంది.

ఇక ఈ మహలున్న చంద్రగిరి చరిత్ర క్లుప్తంగా: 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో ఓడిన తర్వాత పెనుకొండకు, అక్కడినుంచి చంద్రగిరికి, ఆపైన వేలూరుకు రాయల రాజధాని మారింది. 1646లో చంద్రగిరి గోల్కొండ చేతికి, తరువాత మైసూరు ఏలికలోకి వెళ్లింది.

దేవతా విగ్రహాలనూ ఆయుధాలనూ భద్రంగా చూపుతున్న ఈ మహలు ఒకనాడు ఒక కుటుంబపు ఇల్లు కూడా. ఇంటి యజమాని మాట ఇవ్వడం, రాయడం, వాటా అడగడం, వసూలు చేయడం ఎలాగో చూపే ఒక గది ఇక్కడ ఉండాలి. కౌలు షరతులను తెలుగులో, రైతుకు తెలిసిన మాటల్లో, గోడపై రాసి పెడితే, ఆ గది ముందు ఎక్కువసేపు ఆగేది పల్లెనుంచి వచ్చిన యాత్రికుడే.

ఊరు ఎవరి పేరిట?

వెంకటాద్రి నాయకుడి తండ్రి దామెర్ల చెన్నప్ప పేరిట మద్రాసు కోట దగ్గర చెన్నపట్నం ఏర్పడింది. 1645 పత్రంలో రాయలు అదే ఊరిని శ్రీరంగరాయపట్నమన్నాడు. రాయల పేరు నిలవలేదు. చెన్నప్ప పేరు నేటి చెన్నైలో మిగిలింది.

చైనాలో ఒక వర్తకుల ఇల్లు

మహలులో ఉండాలన్న అలాంటి గదికి నమూనా చైనాలో ఉంది. అక్కడి షాన్సీ రాష్ట్రంలో చియావ్ వర్తక కుటుంబం 1756లో మొదలుపెట్టిన భవనంలో ఆరు పెద్ద, ఇరవై చిన్న లోగిళ్లు, 313 గదులు ఉన్నాయి. 1986లో జానపద సంస్కృతి ప్రదర్శనశాలగా తెరిచాక, పెళ్లి, పండుగ, సేద్యం, వ్యాపారం వంటి ఇంటి వ్యవహారాలకు ఆ గదుల్లో చోటు దొరికింది. చంద్రగిరి నేర్చుకోదగిన పాఠం అదే.