అంగన్‌వాడీ బడిని మనమూ చూసి వద్దాం

పొద్దున్నే సద్ది కట్టుకుంటాం. చిన్నబిడ్డకు మొహం కడుగుతాం. అంగన్‌వాడీలో వదిలి కలుపుకో, సెనక్కాయలు ఒలిచేదానికో, చీనీ తోటకో పోతాం. పెండ్లిమర్రిలో అయినా, నందిమండలంలో అయినా, పులివెందుల పక్క ఏ పల్లెలో అయినా ఇదే వరస. మధ్యాహ్నం దాటినాక ఇంట్లో ఉండే అవ్వో, పెద్దపిల్లో పోయి బిడ్డను పిలుచుకొస్తుంది. రాత్రి మనం అడుగుతాం: "బువ్వ తిన్నావా నాయనా?" బిడ్డ తల ఊపుతుంది. అంతటితో సరిపెట్టుకుంటాం.

ఆ నడుమ బిడ్డ ఎక్కడ కూర్చుంది? పైన కప్పు ఎట్లా ఉంది? తాగిన నీళ్లు ఎక్కడివి? పొయ్యి ఎంత దూరంలో ఉంది? మూడేళ్ల బిడ్డ ఇవి చెప్పలేదు. పెద్దవాళ్లే పోయి చూడాలి.

"అధికారులు వచ్చి చూస్తారు కదమ్మా, మనకెందుకు?" అని మీరు అనవచ్చు. చూస్తారు. ఎవరెవరు చూస్తారో ముందు తెలుసుకుందాం.

అంగన్‌వాడీ ప్రభుత్వం నడిపే కేంద్రం. 1975 అక్టోబరు 2న, గాంధీ జయంతి రోజు, దేశంలో 33 చోట్ల ఈ పథకం మొదలయింది. దాని పేరు సమగ్ర శిశు అభివృద్ధి పథకం. ఆఫీసుల్లో ఐ.సి.డి.ఎస్. అంటారు. ఇప్పుడు మన రాష్ట్రంలోనే 55 వేలకు పైగా కేంద్రాలున్నాయి. సినిమా హాలుకు లైసెన్సు ఉన్నట్టు అంగన్‌వాడీకి లైసెన్సు ఉండదు. ప్రభుత్వమే పెడుతుంది, ప్రభుత్వమే తనిఖీ చేస్తుంది. కొన్ని కేంద్రాలకు కలిపి ఒక సూపర్‌వైజరు ఉంటుంది. సూపర్‌వైజర్ల పైన సి.డి.పి.ఓ. ఉంటారు. అంటే మన ప్రాజెక్టుకు శిశు అభివృద్ధి అధికారి. జిల్లాలో వాళ్లందరి పైన పి.డి. ఉంటారు. సూపర్‌వైజరు ఇరవై, ఇరవై అయిదు ఊర్లు తిరగాలి. ఏ కేంద్రానికైనా నెలలో ఒకటో రెండో రోజులు వస్తుంది. మిగతా రోజుల్లో అక్కడ ఉండేది టీచరు, ఆయా, మన పిల్లోళ్లు. మనం ఊర్లోనే ఉంటాం. అందుకే మన చూపు కూడా కావాలి.

చూడకపోతే ఏమవుతుంది? రెండు సంగతులు చెప్తాం. రెండూ అంగన్‌వాడీలో జరిగినవి కావు, బడుల్లో జరిగినవి. కానీ పొయ్యి, కప్పు, నూనె ఎక్కడైనా ఒకటే.

తమిళనాడులో కుంభకోణం అనే ఊరుంది. 2004 జులై 16న అక్కడ ఒక బడిలో మధ్యాహ్నం వంట వండుతున్నారు. వంటింటికి ఉన్నది ఆకుల కప్పు. నిప్పు అంటుకుంది. పై అంతస్తులో పిల్లోళ్లు కూర్చున్న గదులకు కూడా అట్లాంటి కప్పే. దిగి వచ్చే మెట్లు ఇరుకు. 94 మంది పిల్లోళ్లు చనిపోయినారు. ఆ బడికి గుర్తింపు కాగితాలు లేకపోలేదు. కాగితం మీద అంతా బాగుందని రాసినారు. పైకి ఎక్కి కప్పు చూసినవాళ్లు లేరు. పదేండ్ల తర్వాత, 2014లో, తంజావూరు కోర్టు పదిమందికి శిక్ష వేసింది. వాళ్లలో విద్యాశాఖ ఉద్యోగులు కూడా ఉన్నారు. 2017లో మద్రాసు హైకోర్టు కొన్ని శిక్షలు తగ్గించింది.

రెండోది బీహారులో. సారన్ జిల్లా గండామన్ పల్లె. ఏడు 2013. తేదీ మళ్లీ జులై 16. బడిలో అన్నం తిన్న 23 మంది పిల్లోళ్లు చనిపోయినారు. వంట నూనెలో పురుగుల మందు కలిసింది. ఆ మందు మోనోక్రోటోఫాస్. మన చేలల్లో "మోనో" అంటారే, అదే. నూనె తేడాగా ఉందని వంట చేసిన ఆమెకు అనుమానం వచ్చిందనీ, అయినా పెద్దమ్మ అదే పొయ్యమన్నదనీ ఆనాటి వార్తల్లో వచ్చింది. ఆ ప్రధానోపాధ్యాయురాలికి 2016లో కోర్టు జైలు శిక్ష వేసింది.

పిల్లోళ్లకు పెట్టేముందు పెద్దవాళ్లు తిని చూడాలనే పద్ధతిని ఆ తర్వాత గట్టిగా చెప్పినారు. మన అంగన్‌వాడీలో కూడా టీచరు గానీ ఆయా గానీ ముందు ఒక ముద్ద తినాలి. తల్లులు వంతులు వేసుకుని రోజుకు ఒకరు పోయి రుచి చూస్తే మరీ మంచిది. ఇది టీచరును అనుమానించడం కాదు. ఇంట్లో కూర దించేముందు ఉప్పు చూడమా, అట్లానే.

సరే, పోయి ఏం చూడాలి?

ముందు తల ఎత్తి చూడండి. కప్పులో ఇనుప చువ్వలు బయటికి కనిపిస్తున్నాయా? పెచ్చులు ఊడుతున్నాయా? వానకు కారుతుందా? గోడకు నెర్రె ఉందా? కేంద్రం కొట్టంలోనో, రేకుల షెడ్డులోనో నడుస్తుంటే వంట వేరే చోట జరగాలి. సొంత కట్టడం కట్టేటప్పుడు 600 చదరపు అడుగులకు తగ్గకుండా ఉండాలనీ, కూర్చునే గది, వంటిల్లు, సామాను గది, చిన్నపిల్లోళ్లు వాడుకునే మరుగుదొడ్డి ఉండాలనీ ప్రభుత్వం లెక్క పెట్టింది. అద్దె ఇండ్లలో ఇవన్నీ దొరకవు. అద్దె ఇల్లయినా పిడుగులాంటి పిల్లోళ్లు చేతికందే ఎత్తులో కరెంటు వైరు వేలాడకూడదు. స్విచ్చి బోర్డు పగిలి ఉండకూడదు. గ్యాసు బండ, పొయ్యి పిల్లోళ్లు కూర్చునే గదిలో ఉండకూడదు. ఉడికిన అన్నం గిన్నె నేల మీద పెట్టకూడదు. కాలిన బిడ్డల్లో చాలామంది నిప్పుతో కాదు, వేడి గంజితో, వేడి పప్పుతో కాలినవాళ్లే.

ఇప్పుడు చుట్టుపక్కల. నీళ్ల తొట్టి ఉందా? దానికి మూత ఉందా? సంపు మూత పగిలిందా? రెండేళ్ల బిడ్డ మునగడానికి బావే అక్కరలేదు, బక్కెట్టు నీళ్లు చాలు. కేంద్రం రోడ్డు పక్కన ఉంటే వాకిలికి చిన్న గేటు కావాలి. కడప, పులివెందుల పోయే లారీలు ఎంత వేగంగా పోతాయో మనకు తెలియంది కాదు.

సామాను గదిలోకి తొంగి చూడండి. బియ్యం, పప్పు, నూనె నేల మీద కాక చెక్క మీదో, బండ మీదో ఉండాలి. నూనె సీలు ఉన్న పొట్లాల్లోనే ఉండాలి. పొట్లం మీద తేదీ ఉంటుంది. ఇప్పుడు మనకు చదువొచ్చింది. చదవండి. బాలామృతం పొట్లం మీదా, పాల ప్యాకెట్టు మీదా అంకెలుంటాయి. ఆ తేదీ దాటిపోతే వాడకూడదు. ఎలుకల మందు, పినాయిలు, ఖాళీ అయిన మందు డబ్బా, ఇవేవీ ఆ గదిలో ఉండకూడదు. ఖాళీ డబ్బా కడిగి పప్పు పోసుకునే అలవాటు మనిండ్లలో కూడా ఉంది. అది మానుకోవాలి.

కోడిగుడ్డు మంచిదో కాదో కనుక్కోవడం అందరికీ తెలిసిందే. గిన్నెడు నీళ్లలో వేస్తే మునిగి పడుకుంటే మంచిది, తేలితే పాతది. తేలిన గుడ్డు ఉడకబెట్టొద్దని చెప్పండి. ఎన్ని తేలినాయో టీచరు చేత పుస్తకంలో రాయించండి. రాయకపోతే గుడ్లు ఇచ్చేవాళ్లకు తప్పు తెలియదు. టీచరు మీదికే మాట వస్తుంది.

బరువు సంగతి కొంచెం నిదానంగా చెప్పుకుందాం. చాలామంది తల్లులు ఈ పని టీచరుదే అనుకుంటారు. ప్రతి నెలా బిడ్డ బరువు చూడాలి. చూసేముందు తక్కెడ ముల్లు సున్నా మీద ఉందా అని మీరే చూడండి. బిడ్డకు చెప్పులు, మందం గుడ్డలు తీసెయ్యండి. బరువు చెప్పినాక కార్డులో చుక్క పెట్టించండి. తల్లీబిడ్డల కార్డులో రంగుల పట్టీలు ఉంటాయి. పచ్చ పట్టీలో ఉంటే బాగున్నట్టు. పసుపులోకి దిగితే జాగ్రత్త పడాలి. నారింజ రంగులో ఉంటే డాక్టరుకు చూపించాలి. చుక్క ఎక్కడ ఉందో ఒక్కటే చూస్తే చాలదు. పోయిన నెల చుక్క నుంచి ఈ నెల చుక్కకు గీత ఎటు పోతుంది? పైకా, అడ్డమా, కిందికా? పచ్చలో ఉన్నా గీత అడ్డంగా పోతే బిడ్డ పెరగడం ఆగినట్టే. ఇంకో కొలత చేతి పట్టీ. ఆరు నెలలు దాటిన బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే ఆలస్యం చెయ్యకూడదు. కొన్నిచోట్ల తూకం సరిగా లేక ప్రతి నెలా ఒకటే అంకె రాసుకుంటారు. అట్లాంటప్పుడు బిడ్డ చిక్కిపోయినా పుస్తకంలో మాత్రం బాగుంటుంది.

పుస్తకం అంటే గుర్తొచ్చింది. ప్రతి కేంద్రంలో తనిఖీ పుస్తకం ఉంటుంది. వచ్చిన అధికారి ఆ రోజు తేదీ వేసి, చూసింది రాసి సంతకం పెట్టాలి. దాన్ని అడిగి చదవండి. పోయినసారి "వంటింటి కప్పు బాగు చేయించాలి" అని రాసి ఉంటే, బాగయిందా? ఎన్నిసార్లు అదే మాట రాసినారు? హాజరు పట్టీ కూడా చూడండి. తలలు లెక్కపెడితే పన్నెండు, పట్టీలో ఇరవై అయిదు ఉంటే, ఆ పదమూడు గుడ్లు ఎక్కడ? ఈ లెక్కలు ఇప్పుడు సెల్‌ఫోనులో పోషణ్ ట్రాకర్‌లో కూడా ఎక్కిస్తున్నారు. 2021లో అది వచ్చింది. ఫోనులో ఎక్కించేది కూడా మనిషే. లెక్క నిజమా కాదా అని ఊర్లో వాళ్లకే తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట. తనిఖీ అంటే టీచరు మీద కేకలెయ్యడం కాదు. ఆమె మన ఊరి ఆడదే. బిడ్డలకు వండి, బరువు చూసి, గర్భవతుల పేర్లు రాసి, ఫోనులో ఎక్కించి, ఎన్నికలొస్తే ఆ పని కూడా చేస్తుంది. జీతం పెంచమని మన రాష్ట్రంలో అంగన్‌వాడీ వాళ్లు 2023 డిసెంబరు 12 నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు సమ్మె చేసినారు. కప్పు కారితే ఆమె సొంత డబ్బుతో బాగు చేయించలేదు. ఆమె ఒక్కతే అడిగితే పైవాళ్లు పట్టించుకోరు. తల్లులు కలిసి అడిగితే ఆమెకే బలం.

కలిసి అడగడానికి ఒక కమిటీ ఉంది. 2011లో కేంద్ర ప్రభుత్వం ప్రతి అంగన్‌వాడీకి పర్యవేక్షణ కమిటీ ఉండాలని చెప్పింది. వార్డు మెంబరు, వీలయితే ఆడ మెంబరు, పెద్దగా ఉంటుంది. తల్లులు, ఆశా కార్యకర్త కూడా ఉంటారు. నెలకోసారి కూర్చోవాలి. మీ ఊర్లో ఆ కమిటీలో ఎవరున్నారో అడగండి. కొన్ని ఊర్లలో పేర్లు రాసుకున్నవాళ్లకే తమ పేరు ఉన్న సంగతి తెలియదు.

చట్టం కూడా మన పక్కనే ఉంది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రతి పల్లెకూ అంగన్‌వాడీ ఉండాలని చెప్పింది. 2006 డిసెంబరు 13న ఇంకో తీర్పు చెప్పింది. ఆరేళ్ల లోపు పిల్లోళ్లు 40 మంది ఉండి, అంగన్‌వాడీ లేకపోతే, ఊరివాళ్లు అడిగిన మూడు నెలల్లో పెట్టాలి. ఆహార భద్రత చట్టం 2013లో వచ్చింది. బిడ్డకు ఎంత తిండి ఇవ్వాలో ఆ చట్టంలోనే పట్టిక ఉంది. తిండి ఇవ్వకపోతే బదులుగా డబ్బు ఇవ్వాలని కూడా ఉంది. ఫిర్యాదు వినడానికి జిల్లాలో ఒక అధికారి, రాష్ట్రంలో ఆహార కమిషన్ ఉండాలి.

ముందు టీచరుకు చెప్పండి. తర్వాత సూపర్‌వైజరుకు, సి.డి.పి.ఓ.కు. అక్కడా కాకపోతే సోమవారం కడప కలెక్టరాఫీసులో అర్జీ ఇవ్వండి. రశీదు అడిగి తీసుకోండి. సమాచార హక్కు చట్టం 2005 కింద కాగితాలు కూడా అడగవచ్చు. మన రాష్ట్రంలో ఊరి స్థాయిలో అడిగితే రుసుం లేదు, మండలంలో 5 రూపాయలు, పైన 10 రూపాయలు. తెల్లకార్డు ఉన్నవాళ్లకు అదీ అక్కరలేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. బిడ్డను కొట్టినా, హింసించినా 1098కి ఫోను చెయ్యండి. దానికి డబ్బు పడదు.

పట్నంలో బిడ్డను ప్రైవేటు ప్లే స్కూల్లో వేసేవాళ్లు కూడా ఉన్నారు. 2017లో జాతీయ బాలల హక్కుల కమిషన్ వాటికి నియమాలు రాసింది. గుర్తింపు ఉండాలి. ఇరవై మంది పిల్లోళ్లకు ఒక టీచరు, సాయానికి ఒక మనిషి ఉండాలి. ఫీజు కట్టేముందు గుర్తింపు కాగితం చూపమని అడగండి. తటపటాయిస్తే ఇంకో చోటు చూసుకోండి.

అర్జీ రాయడం కష్టమేమీ కాదు. ఇట్లా రాయండి. ఖాళీల్లో మీ ఊరి సంగతి నింపండి.

తేది: ..........

సి.డి.పి.ఓ. గారికి,

పెండ్లిమర్రి మండలం .......... గ్రామం అంగన్‌వాడీ కేంద్రానికి పోయే పిల్లోళ్ల తల్లులం రాసుకునే అర్జీ.

మా కేంద్రం వంటింటి కప్పు పెచ్చులు ఊడి పడుతున్నాయి. తనిఖీ పుస్తకంలో .......... తేదీన ఈ సంగతి రాసినారు. ఇంతవరకు బాగు చేయలేదు. నీళ్ల తొట్టికి మూత లేదు. తూకం యంత్రం సున్నా చూపడం లేదు. మీరు వచ్చి చూసి, వానలు రాకముందే బాగు చేయించాలని కోరుతున్నాం. బాగయ్యేదాకా వంట, పిల్లోళ్లు వేరే చోట ఉండేటట్టు చూడండి.

ఇట్లు,
తల్లుల సంతకాలు:
1. ..........
2. ..........
3. ..........

నకలు: పంచాయతీ సర్పంచి గారికి