వెలుగు కదిలితే చిత్రం

నూనెరంగుల చిత్రాన్ని వేలంలో కొన్నవారు దానిని గోడకు తగిలిస్తే చాలును. కాని కళావస్తువుల వేలాలలో వెనుక విద్యుత్తు తీగ వ్రేలాడే చిత్రాలు కూడా అప్పుడప్పుడు వస్తూంటాయి. మీట నొక్కగానే వాటిలో రంగులు పుట్టి, కలిసి, మెల్లగా మారిపోతుంటాయి. మీట ఆపితే మిగిలేది వెలుగులేని పెట్టె. మరి కొన్నవారు నిజంగా కొన్నది దేనిని? ఇది తెలియాలంటే ముందు ఆ పెట్టె లోపల ఏమున్నదో చూడాలి.

ఇట్టి చిత్రాలు నిర్మించినవారిలో ఫ్రాంక్ మలీనా ఒకరు. 1912లో అమెరికాలో జన్మించిన ఆయన మొదట రాకెట్ ఇంజనీరు. 1945లో ఎగిరిన 'వాక్ కార్పొరల్' రాకెట్టు నిర్మాణంలో ముఖ్యుడు. 1947లో పారిస్‌లో యునెస్కో ఉద్యోగంలో చేరి, 1953లో దానిని వదలి చిత్రకళను చేపట్టారు. 1956లో ఆయన రూపొందించిన పద్ధతి పేరు 'లూమిడైన్'.

అందులో ముఖ్యభాగాలు నాలుగు. అన్నిటికంటె వెనుక దీపాలు. వాటి ముందు రంగులు పూసిన పారదర్శక చక్రం. దీనిని చిన్న విద్యుత్ మోటారు నెమ్మదిగా త్రిప్పుతుంది. దాని ముందు కదలని రంగుల పలక. అన్నిటికంటె ముందు, కాంతిని చెదరగొట్టే తెర. మనకు కనబడేది ఈ తెర మాత్రమే.

తెల్లని కాంతిలో అన్ని రంగులూ ఉన్నవి గదా. పసుపు పూత నీలకాంతిని పీల్చుకొని, ఎరుపును, ఆకుపచ్చను పోనిస్తుంది. ఆకాశవర్ణపు పూత ఎరుపును పీల్చుకుంటుంది. చక్రం మీది పసుపుభాగం పలక మీది ఆకాశవర్ణం వెనుకకు రాగానే తెరపై మిగిలేది ఆకుపచ్చ! ఎవరూ పూయని రంగు అది. మిఠాయి బిళ్ళలకు చుట్టే రంగు కాగితాలు రెండు ఒకదానిపై ఒకటి ఉంచి, దీపానికి అడ్డుపెట్టి దీనిని మీరే చూడవచ్చు.

ఒకే చక్రం 60 సెకండ్లకొక చుట్టు తిరిగితే దృశ్యం నిమిషానికొకసారి పునరావృతమవుతుంది. రెండు చక్రాలుండి, ఒకటి 60, మరొకటి 61 సెకండ్లు తీసుకుంటే? వాటి కనిష్ఠ సామాన్య గుణిజం 3,660. అంటే మొదటి దృశ్యం సరిగ్గా తిరిగి రావడానికి 61 నిమిషాలు పడుతుంది. బడిలో నేర్చిన లెక్క ఇక్కడ చిత్రకారునికి పనిముట్టు అయినది.

ఇక వేలం సంగతి. దీపం ఒకనాడు మాడిపోక తప్పదు. కొత్తది పెట్టవచ్చును, కాని ఏ దీపం? రంగుపూత కాంతిలో కొంత తీసివేయగలదే గాని, లేని రంగును చేర్చలేదు. వేడెక్కిన తీగతో వెలిగే పాత బల్బులో ఎరుపు పాలు ఎక్కువ. నేటి తెల్లని ఎల్.ఇ.డి. దీపాలలో సాధారణంగా నీలకాంతిలో కొంతభాగాన్ని ఒక పూత ఇతర రంగులుగా మార్చుతుంది. కాబట్టి వాటిలో రంగుల పాళ్ళు వేరు. అదే పలక, అదే చక్రం ఉన్నా తెరపై కనబడే రంగు మారిపోవచ్చు. మోటారు వేగం మారితే లయ మారుతుంది.

కనుక కొన్నది పెట్టెను మాత్రమే కాదు. దీపానికి, పూతలకు, వేగానికి మధ్య కళాకారుడు కుదిర్చిన పొందికను. ఏ దీపం వాడారు, చక్రం ఎంత వేగంతో తిరిగేది అన్న వివరాలు వ్రాసి ఉంచకపోతే ఆ పొందికను తిరిగి తేవడం కష్టం.

మరొక చిక్కు కూడా కలదు. వెలిగించిన ప్రతి గంటా పూతలు కొద్దికొద్దిగా వెలిసిపోవచ్చు, మోటారు అరుగుతుంది. వెలిగించకుండా దాచితే అది చిత్రమే కాదు. దీనిని కొన్నవారు ఎంతసేపు చూడాలో, ఎంతకాలం కాపాడాలో తామే లెక్క వేసుకోవాలి.